అటెస్టేషన్ ఫారంలో కేసుల కాలమ్: రాజీ కేసు, డ్రంక్ అండ్ డ్రైవ్, బైండోవర్... ఏది రాయాలి, ఏది అక్కర్లేదు?

గ్రంథాలయం_మెట్లు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెలక్షన్ లిస్టులో పేరొచ్చి, అటెస్టేషన్ ఫారం (ఉద్యోగంలో చేరేముందు పోలీసు విచారణ కోసం మన వివరాలు నింపేది) పట్టుకుని మా స్టడీ సర్కిల్‌కి వచ్చినవాళ్ల సందేహాలివి. ఒకరిది కేంద్ర ప్రభుత్వంలో క్లర్కు పోస్టు, ఒకరిది గ్రూప్-2, ఒకరిది కానిస్టేబుల్. పేర్లూ ఊళ్లూ పక్కన పెడుతున్నా.

మొదటిది పొలం గట్టు తగాదా. 2019లో ఐపీసీ 323 (కొట్టడం), 506 (బెదిరించడం) రెడ్ విత్ 34 (ఉమ్మడి ఉద్దేశం) కింద కేసు, అబ్బాయి ఏ4, అంటే నాలుగో నిందితుడు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. "కేసు కొట్టేశారు, లేనట్టే కదా" అంటున్నాడు.

రెండోది హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్. కోర్టుకెళ్లి ఒప్పుకుని జరిమానా కట్టేశాడు. "అది చలానా అన్నా, కేసు కాదు" అంటున్నాడు.

మూడోది ఎన్నికల ముందు తహసీల్దార్ ఆఫీసులో చేసిన బైండోవర్, అంటే గొడవలు చేయనని బాండు రాయించుకోవడం. ఎఫ్‌ఐఆర్ లేదు, కోర్టు మెట్లు ఎక్కింది లేదు.

వీటిలో ఏది రాయాలి? ఏ కాగితాలు జత చేయాలి? రాస్తే ఉద్యోగం పోతుందా? "ఏమీ రాయకు, వాళ్లకెలా తెలుస్తుంది" అని చెప్పే సీనియర్ ప్రతి హాస్టల్లోనూ ఒకడున్నాడు. ఆయనకు చూపించడానికి గట్టి సమాధానం కావాలి.

---

సర్వీస్‌మేటర్స్_అడ్వకేట్

ముందు ఫారం తీసి ఒక్కో ప్రశ్నా మాటమాటా చదివించండి. కేంద్ర ప్రభుత్వ ఫారంలో ఈ ప్రశ్నలు చాలావరకు 12వ కాలమ్‌లో ఉంటాయి. "కేసు ఉందా" అని ఒకే ప్రశ్న అడగరు, విడివిడిగా అడుగుతారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ అయ్యారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా, ఫారం నింపే నాటికి కేసు పెండింగ్‌లో ఉందా. ఇందులో ఒక్క చివరి ప్రశ్నే ఈరోజు సంగతి. మిగతావన్నీ "ఎప్పుడైనా" అని అడిగేవే. కుర్రాళ్లు చివరి ప్రశ్న ఒక్కటే మనసులో పెట్టుకుని అన్నింటికీ "నో" కొట్టేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ముగ్గురి సంగతి.

గట్టు తగాదా: 323, 506 రాజీకి వీలున్న సెక్షన్లు. సీఆర్‌పీసీ 320(8) ప్రకారం రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 359). కాబట్టి "శిక్ష పడిందా"కి నో, "పెండింగ్‌లో ఉందా"కి నో. కానీ చార్జిషీటు పడి సీసీ నంబర్ (కోర్టు ఇచ్చే కేసు నంబరు) వచ్చింది కాబట్టి "ప్రాసిక్యూట్ అయ్యారా"కి ఎస్. అరెస్టు సంగతి విడిగా చూడాలి. 41ఎ నోటీసు (అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని ఇచ్చేది) ఇచ్చి పంపేశారా, అరెస్టు చూపించి స్టేషన్ బెయిల్ ఇచ్చారా? నోటీసు మాత్రమే అయితే అరెస్టు కాదు. స్టేషన్ బెయిల్ అయితే, గంటలో ఇంటికొచ్చినా అది అరెస్టే. చార్జిషీటులో నిందితుల పట్టిక ఉంటుంది, అక్కడ చూస్తే తేలిపోతుంది. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.

డ్రంక్ అండ్ డ్రైవ్: చలానా కాదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ నేరం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకుని జరిమానా కట్టడమంటే నేరం రుజువైనట్టే. "కోర్టు జరిమానా వేసిందా"కి ఎస్, "శిక్ష పడిందా"కి ఎస్. హెల్మెట్, సిగ్నల్ జంపింగ్ ఈ-చలానా ఆన్‌లైన్లో కట్టడం వేరు. అది 200వ సెక్షన్ కింద కాంపౌండింగ్, కోర్టు వేసిన జరిమానా కాదు. పేకాటకి గేమింగ్ చట్టం కింద కట్టిన జరిమానా, రోడ్డు మీద గొడవకి పెట్టిన పెట్టీ కేసులో కోర్టు వేసిన 50 రూపాయలు... ఇవి మళ్లీ కోర్టు జరిమానాలే. మొత్తం ఎంతన్నది లెక్కలోకి రాదు, రసీదు ఎవరిచ్చారన్నది చూడండి.

బైండోవర్: ఫారంలో ఆ మాటతోనే అడిగితే ఎస్ రాయాలి. ఎఫ్‌ఐఆర్ ఉండాల్సిన పనిలేదు.

ఇక హాస్టల్ సీనియర్ గారికి. కేంద్రీయ విద్యాలయ సంఘటన్ వర్సెస్ రామ్ రతన్ యాదవ్, సుప్రీంకోర్టు, 2003. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు. కేసు సెక్షన్లు చూడండి: 323, 341, 294, 506, 34. మీ అబ్బాయి గట్టు తగాదా లాంటిదే. ఫారంలో ప్రాసిక్యూషన్‌కీ, పెండింగ్ కేసుకీ రెండింటికీ "నో" రాశారు. ఉద్యోగం తీసేశారు. హిందీ మీడియంలో చదివాను, ఇంగ్లిష్ ఫారంలోని మాటలు అర్థం కాలేదు అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. తర్వాత ప్రభుత్వం ఆ కేసునే ఉపసంహరించుకుంది, అయినా తొలగింపు నిలబడింది. తెలుగు మీడియం వాదన కూడా అక్కడ ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించుకోండి.

---

గ్రంథాలయం_మెట్లు

చాలా స్పష్టంగా ఉంది సార్. మరి ఎస్ రాస్తే నేరుగా తీసేస్తారనే భయం ఉంది. ముఖ్యంగా కానిస్టేబుల్ అబ్బాయికి, గట్టు తగాదా కేసు అతనిదే.

---

సర్వీస్‌మేటర్స్_అడ్వకేట్

రాసినంత మాత్రాన తీసేయరు, అలాగని రాసినంత మాత్రాన ఇచ్చి తీరాలనీ లేదు. 2011లో సందీప్ కుమార్ కేసులో, ఇరవై ఏళ్ల వయసులో చేసిన పొరపాటు అని సుప్రీంకోర్టు దాచిన అభ్యర్థిని కూడా మన్నించింది. రామ్ రతన్ తీర్పు దీనికి ఎదురుగా ఉంది. ఈ గందరగోళం తేల్చడానికే ముగ్గురు జడ్జీల బెంచి 2016 జులై 21న అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా తీర్పు ఇచ్చింది. ఇవాళ ఏ ఆఫీసు ఫైల్లోనైనా ముందు కనిపించేది అదే. మీకు పనికొచ్చేంత వరకు చెప్తా.

నిజం రాసినా, ముగిసిన కేసు పూర్వాపరాలు చూసే హక్కు యజమానికి ఉంటుంది. దాచినా, అది నినాదాలిచ్చిన కేసు లాంటి చిన్నదైతే మన్నించే వీలుంది. పెద్ద నేరంలో సందేహ లబ్ధితోనో సాంకేతిక కారణంతోనో బయటపడితే యజమాని విచక్షణ. పెండింగ్ కేసులు ఒకటికి మించి కావాలని దాచితే రద్దు. కేసు ఉన్నట్టు అభ్యర్థికి నిజంగా తెలియకపోతే నేర తీవ్రత చూసి నిర్ణయించాలి. ఫారంలో స్పష్టంగా అడగని విషయాన్ని చెప్పలేదని తప్పు పట్టకూడదు. ఉద్యోగం కన్ఫర్మ్ అయిన వాడిని తీసేయాలంటే శాఖాపరమైన విచారణ జరపాలి.

పోలీసు శాఖకి కొలత కాస్త గట్టిగా ఉంటుంది. 2013 మెహర్ సింగ్ కేసు ఢిల్లీ పోలీసుది. రాజీతో విడుదలైనా సరే, యూనిఫాం ఉద్యోగానికి తగడని స్క్రీనింగ్ కమిటీ తేల్చవచ్చు అన్నారు. అందుకే మీ కానిస్టేబుల్ అబ్బాయి వివరణ కాగితం బాగా రాయాలి: గొడవ దేనికి, తన మీద ఆరోపణ ఏమిటి (ఏ4 మీద ఏముందో చార్జిషీటులో ఒకటి రెండు లైన్లే ఉంటాయి), గాయం సాధారణమా తీవ్రమా, మారణాయుధం ఉందా లేదా, రాజీ తేదీ. బతిమాలుకోవడం అక్కర్లేదు. ఒక పేజీ చాలు.

---

పాత_ఎస్బీ

వెరిఫికేషన్ ఎలా నడుస్తుందో చెప్తా. "వాళ్లకెలా తెలుస్తుంది" అన్నదానికి ఇదే జవాబు.

నియామక అధికారి ఫారాలు జిల్లా ఎస్పీకో కమిషనర్‌కో పంపుతారు. అక్కణ్నుంచి స్పెషల్ బ్రాంచ్‌కి వస్తాయి. జిల్లాల్లో దాన్నే డీఎస్బీ అంటారు. ఎస్బీ సిబ్బంది స్టేషన్‌కి వెళ్లి రికార్డు చూస్తారు, సీసీటీఎన్‌ఎస్‌లో (పోలీసు కేసుల కంప్యూటర్ రికార్డు) పేరు, తండ్రి పేరు కొట్టి వెతుకుతారు, తర్వాత ఊళ్లో విచారిస్తారు. ఊళ్లో అడిగేటప్పుడు అభ్యర్థి ఇంట్లోవాళ్లను అడిగితే సరిపోదు. ఇరుగుపొరుగు, ఫారంలో రాసిన ఇద్దరు రిఫరెన్సులు, ఊరి పెద్దలు. గట్టు తగాదా లాంటిది రికార్డులో దొరక్కపోయినా టీ కొట్టు దగ్గర దొరుకుతుంది.

ఆలస్యానికి కారణం ఎక్కువగా కేసులు కావు, అడ్రసులు. గడిచిన 5 ఏళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటూ రాయమంటుంది ఫారం. అశోక్‌నగర్‌లో రెండేళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడాదిన్నర ఉండి చదివినవాడు సొంతూరి అడ్రసు ఒక్కటే రాస్తాడు. డీఎస్బీ మనిషి ఊరికెళ్తే "మూణ్నాలుగేళ్లుగా పట్నంలోనే కదా ఉన్నాడు" అంటారు. దాంతో ఫారం తిరిగి వెళ్తుంది, మళ్లీ హైదరాబాద్ కమిషనరేట్‌కి వెళ్తుంది, నెలలు పోతాయి. డీఎస్సీకి అవనిగడ్డలో ఉండి చదివినవాళ్లదీ ఇదే కథ. హాస్టల్ రాయండి, డోర్ నంబర్, ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో, ఏ నెల నుంచి ఏ నెల వరకు అన్నది రాయండి. వార్డెన్ మారిపోతుంటారు కాబట్టి ఫీజు రసీదులు ఉంచుకోండి. నెలలు ఒకదానికొకటి అతకాలి, మధ్యలో ఖాళీ ఉంటే అక్కడే పెన్సిల్ టిక్కు పడుతుంది.

ఇంకో సంగతి. కేసు కోర్టులో ఎప్పుడో ముగిసినా స్టేషన్ రికార్డులో పెండింగ్ అని కనిపించడం మామూలే. తీర్పు వివరం సిస్టంలోకి ఎక్కకపోవడమే కారణం. తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేసి ఎస్‌హెచ్‌ఓకి (స్టేషన్ అధికారికి) అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఎస్బీ విచారణ రాకముందే పెట్టండి, వచ్చాక పరుగులు పెట్టడం కన్నా అది నయం.

ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఊళ్లలో వేరేవాడి కేసు ఇతని పేరు మీద చూపిస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లో వయసు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఉంటాయి. తేడా చూపిస్తూ ఎస్‌హెచ్‌ఓ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోవడమే దారి. నోటిమాట పనికిరాదు.

బైండోవర్ గురించి: సీఆర్‌పీసీ 107 కింద చేసినది (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 126) ఏడాదికి మించి ఉండదు. తహసీల్దార్ ఆఫీసులో దానికి ఎంసీ నంబర్ అని ఒక కేసు నంబరు ఉంటుంది. నోటీసు ఇచ్చి పిలిచారా, బాండు మీద సంతకం పెట్టించారా అన్నది చూడాలి. బాండు రాయకపోతే బైండోవర్ కానట్టే. రాసి ఉంటే ఆ నంబరు, తేదీ, ఎంత మొత్తానికి, గడువు ఎప్పుడు ముగిసింది, గడువులో ఉల్లంఘన లేదు అని రాయాలి. ఎన్నికలప్పుడూ వినాయక చవితికీ ఊరికి ఇంతమంది అని లెక్కేసి చేసే బైండోవర్లు ఎన్నో పై అధికారులకీ తెలుసు. నిజం రాస్తే దాని మీద పట్టుబట్టేవాళ్లు తక్కువ.

---

కాపీయింగ్‌సెక్షన్_కిటికీ

కాగితాల సంగతి నేను చెప్తా, అందరూ చివర్లో పరుగెత్తేది ఇక్కడికే.

కావలసినవి నాలుగు: ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, తీర్పు లేదా లోక్ అదాలత్ అవార్డు, దాని మీద అప్పీలు లేదని చూపించేది. ఎఫ్‌ఐఆర్ చాలావరకు పోలీసు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది (2016లో సుప్రీంకోర్టు యూత్ బార్ అసోసియేషన్ కేసులో 24 గంటల్లో అప్‌లోడ్ చేయాలన్నప్పటి నుంచి, సున్నితమైన కేసులు తప్ప). అంతకు ముందువి స్టేషన్లోనో కోర్టులోనో తీసుకోవాలి.

సీసీ నంబరు గుర్తులేకపోతే ఈ-కోర్ట్స్ సైటులో ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, సంవత్సరం ఇచ్చి వెతకండి. 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి. పేరుతో వెతికితే ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గర బోల్తా పడతారు, ఒకే మనిషి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఒకలా, చార్జిషీటులో ఇంకోలా ఉంటుంది. ఈ-కోర్ట్స్ ప్రింటు సర్టిఫైడ్ కాపీ కాదు. ఫారానికి సర్టిఫైడ్ కాపీ జత చేయాలి, అంటే కాపీ అప్లికేషన్ వేయాలి, స్టాంపులు అడిగిన రోజున కట్టాలి. స్టాంపులు కట్టకుండా వదిలేస్తే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే సెలక్షన్ లిస్టు వచ్చాక కాదు, ప్రిలిమ్స్ పాసైన నాడే కాపీ అప్లికేషన్ వేయండి.

పాత కేసైతే రికార్డు రికార్డు రూముకి వెళ్లి ఉంటుంది. గడువు తీరి నాశనం చేసి ఉంటే కూడా ఖాళీ చేతులతో రావద్దు. "రికార్డు నాశనమైంది" అని అప్లికేషన్ మీదే ఎండార్స్‌మెంట్ రాయించుకోండి, కోర్టు రిజిస్టరులో ఆ కేసు ఎలా ముగిసిందో చూపించే ఎక్స్‌ట్రాక్ట్ అడగండి.

తీర్పు చేతికి వచ్చాక చివరి పేరా చదవండి. అక్కడ ఏ మాట ఉందో ఆ మాటే ఫారంలో రావాలి. రాజీతో విడుదల, సందేహ లబ్ధితో విడుదల, నేరం రుజువు కాలేదు, డిశ్చార్జ్, ఇవన్నీ వేర్వేరు. తీర్పులో "సందేహ లబ్ధి" అని ఉంటే అభ్యర్థి "గౌరవప్రదంగా విడుదల" అని రాసుకోకూడదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అది అబద్ధంలా కనపడుతుంది.

324 సెక్షన్ (ఆయుధంతో గాయపరచడం) ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా. అది ఇప్పుడు రాజీకి వీలుకాని సెక్షన్. "మేం రాజీ అయ్యాం" అంటారు గానీ, కోర్టులో జరిగింది సాక్షులు హోస్టైల్ కావడం (పోలీసుల కథనానికి ఎదురు తిరగడం), అందువల్ల విడుదల. ఫారంలో "లోక్ అదాలత్‌లో రాజీ" అని రాస్తే తప్పవుతుంది.

---

ఓయూ_క్యాంటీన్

ఉద్యమ కేసుల సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలంగాణ ఉద్యమంలో పెట్టిన కేసులు ప్రభుత్వం ఎత్తేసింది, సమైక్యాంధ్ర వైపూ అలాంటివి ఉన్నాయి. జీవో వచ్చింది కాబట్టి కేసు లేదు అని రాయొచ్చా?

---

సర్వీస్‌మేటర్స్_అడ్వకేట్

జీవోతో కేసు ముగియదు. సీఆర్‌పీసీ 321 (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 360) కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వేయాలి, కోర్టు అంగీకరించాలి. చార్జి ఫ్రేమ్ కాకముందైతే డిశ్చార్జ్, అయ్యాకైతే నిర్దోషిగా విడుదల. జీవో వచ్చి పిటిషన్ పడక, కేసు అలాగే ఉండిపోయి, నిందితుడు రాక వారెంటు కూడా వెళ్లి ఉండొచ్చు. ఈ-కోర్ట్స్‌లో ఈరోజే చూసుకోండి. కేసు ఇంకా ఉంటే ముందు కోర్టు నుంచి ఉపసంహరణ ఉత్తర్వు తెచ్చుకుని తర్వాత ఫారం సంగతి.

---

నిబంధన_12

అడ్వకేట్ గారితో ఒకచోట కొంచెం తేడా. హైకోర్టు క్వాష్ చేసిన (కొట్టేసిన) కేసు, ముఖ్యంగా 498ఎలో (భార్యపై వేధింపుల సెక్షన్) ఇంటిల్లిపాదినీ ఇరికించినవి, రాయనక్కర్లేదని నా అభిప్రాయం. ఎఫ్‌ఐఆరే లేకుండా పోయింది. అవతార్ సింగ్ తీర్పే చెప్తోంది కదా, అడగనిది చెప్పక్కర్లేదని.

---

సర్వీస్‌మేటర్స్_అడ్వకేట్

అడగనిది చెప్పక్కర్లేదు, నిజమే. కానీ "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడిగారు కదా. క్వాష్ అయితే కేసు పోతుంది, జరిగిన అరెస్టు జరగనట్టు కాదు. అరెస్టు కాకుండా, చార్జిషీటు పడకుండా క్వాష్ అయితే మీరన్నది ఒప్పుకుంటా. అరెస్టయితే ఎస్ రాసి, పక్కనే 482 కింద (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528) హైకోర్టు ఏ తేదీన క్వాష్ చేసిందో రాయండి. దానివల్ల నష్టపోయేదేమీ లేదు.

నిజంగా రాయక్కర్లేనిది ఒకటుంది. 18 ఏళ్లలోపు జరిగినవి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, 24వ సెక్షన్ ప్రకారం దానివల్ల అనర్హత రాదు (16 దాటి పెద్దవాళ్లలా విచారించిన ఘోర నేరాలు మినహా). 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో, బాల్యంలోని కేసు చెప్పలేదన్న కారణంతో నియామకం నిరాకరించడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద వదిలేసినవాళ్లు మాత్రం పొరబడొద్దు. 12వ సెక్షన్ అనర్హతను తీసేస్తుందే తప్ప నేరం రుజువైన సంగతిని చెరపదు. "శిక్ష పడిందా" అన్నచోట ఎస్ రాసి, కింద ఆ చట్టం సంగతి రాయాలి.

---

గ్రంథాలయం_మెట్లు

నింపే పద్ధతి కూడా ఎవరైనా చెప్తే నోటీసు బోర్డు మీద పెడతా. ఇంకొకటి: ఫారం ఇచ్చాక కొత్త కేసు పడితే?

---

నిబంధన_12

గళ్లు ఖాళీ వదలొద్దు, గీత కొట్టొద్దు, "డిటో" రాయొద్దు. ప్రతి ఉపప్రశ్నకీ ఎస్ లేదా నో. ఎస్ ఉన్నచోట "వివరాలు అనుబంధం-1లో" అని రాసి వేరే కాగితం జత చేయాలి. అందులో వరుస ఇలా: స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, సెక్షన్లు, ఏ నంబరు నిందితుడు, అరెస్టు లేక నోటీసు, కోర్టు, కోర్టు కేసు నంబరు (సీసీ లేదా ఎస్‌టీసీ), తీర్పు తేదీ, తీర్పు చివరి మాట, అప్పీలు ఉందా. కింద సంతకం, తేదీ. అన్ని సెట్లలోనూ ఒకేలా ఉండాలి. ఒక సెట్‌లో ఎస్, ఇంకో సెట్‌లో నో ఉన్న ఫారాలు నిజంగా వస్తుంటాయి, జిరాక్స్ తీయకుండా అర్ధరాత్రి చేత్తో మూడుసార్లు నింపితే అంతే. ఇచ్చేముందు మొత్తం సెట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు నోటీసు వస్తే మీరు ఏం రాశారో మీ దగ్గరే ఉండాలి.

పరీక్ష డిబార్ ప్రశ్న మరిచిపోవద్దు. డిగ్రీలో స్లిప్పు దొరికి యూనివర్సిటీ ఒక సెమిస్టర్ రద్దు చేసినదీ అక్కడికే వస్తుంది.

ఫారం ఇచ్చాక అరెస్టైనా కేసు పడినా వెంటనే నియామక అధికారికి తెలపాలని ఫారం మీదే ఉంటుంది. తెలపకపోతే అదీ దాచినట్టే లెక్క. రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం, అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకోవాలి. రాష్ట్ర ఉద్యోగాలకి కూడా, 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో 12వ నిబంధన ప్రకారం ప్రవర్తన, పూర్వాపరాలు నియామక అధికారికి తృప్తికరంగా ఉండాలి. గ్రూప్-2 అబ్బాయికి వర్తించేది అదే.

పాస్‌పోర్టు ఆఫీసులో 500 కట్టి తెచ్చిన పీసీసీ (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్) జత చేస్తామంటారు కొందరు. అది విదేశాలకు వెళ్లడానికి. ఇక్కడ దాంతో పనిలేదు.

---

సర్వీస్‌మేటర్స్_అడ్వకేట్

చివరగా, రద్దు నోటీసు వస్తే. షోకాజ్‌కి ఇచ్చిన గడువులోనే జవాబివ్వండి, దానికి ఆధారమైన పోలీసు నివేదిక కాపీ రాతపూర్వకంగా అడగండి. రద్దయితే కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగానికి హైదరాబాద్ క్యాట్ (కేంద్ర ఉద్యోగుల ట్రైబ్యునల్), ఏడాదిలోపు. సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాలకి క్యాట్ కాదు, హైకోర్టు. రాష్ట్ర ఉద్యోగాలకి కూడా రెండు రాష్ట్రాల్లోనూ ట్రైబ్యునల్ లేదు కాబట్టి హైకోర్టులో రిట్. 2024 ఫిబ్రవరిలో రవీంద్ర కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ యూపీ తీర్పు కూడా చదవండి. కానిస్టేబుల్ అభ్యర్థి, దాచాడన్న ఆరోపణ. దరఖాస్తు వేసే నాటికి కేసు లేదు, అఫిడవిట్ ఇచ్చే నాటికి నిర్దోషిగా విడుదలయ్యాడు. యాంత్రికంగా రద్దు చేయడం కుదరదని సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది.

అది 2004లో పడిన కేసు. గెలిచేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈ ఒక్క లైను హాస్టల్ సీనియర్ గారికి చదివి వినిపించండి.